హోమ్ బార్ పెట్టే ముందు ఒకసారి ఫ్రీజర్ తెరిచి చూడండి

"కొత్త ఫ్లాట్‌లోకి మారాం. హాల్లో ఒక మూల హోమ్ బార్ పెట్టుకుందామని ఉంది. బడ్జెట్ 50 వేలు. యూనిట్ ఎలా చేయించాలి, ఏయే బాటిళ్లు కొనాలి?" అన్నది ప్రశ్న.

యూనిట్ చేయించొద్దు. బాటిళ్లు మూడో నాలుగో చాలు. మీ 50 వేలలో సగానికి పైగా మిగులుతుంది. దాంతో ఇంట్లోవాళ్లకి ఏమైనా కొనిపెట్టండి, రేపు సిట్టింగ్ పెట్టే రోజున ఆ పుణ్యం అక్కరకొస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, డిగ్రీ అయ్యాక సరైన ఉద్యోగం దొరికేదాకా సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు బార్ కౌంటర్ వెనక పనిచేశాను. అక్కడ మా సీనియర్ బార్‌మన్ డ్యూటీకి రాగానే సీసాల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ముందు ఐస్ పెట్టె మూత తీసి వాసన చూసేవాడు. తర్వాత సోడా క్రేటు చల్లగా ఉందో లేదో చేత్తో తడిమేవాడు. ఆ తర్వాత ఒక గ్లాసు తీసి లైటుకి ఎదురుగా పట్టి తిప్పేవాడు. ఈ మూడూ బాగుంటే రాత్రి మెంబర్లు ఏ మందు అడిగినా గొడవుండదని ఆయన లెక్క. నాదీ ఇప్పటికీ అదే లెక్క.

మా తోడల్లుడు నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాడు. పూజగది కన్నా ముందే బార్ డిజైన్ ఫైనల్ చేశాడు. నల్ల గ్రానైటు కౌంటరు, వెనక అద్దం, పైన తలకిందులుగా వేలాడే వైన్ గ్లాసులు, అరల కింద నీలం ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, ముందు రెండు ఎత్తు స్టూళ్లు. సీసాలు ఒక పాతిక దాకా ఉంటాయి. అందులో బ్లూ క్యురసావ్ అనే నీలం రంగు నారింజ లిక్కర్ కూడా ఉంది. అది దేంట్లో కలుపుతారని అడిగితే "కలర్ బాగుంది కదన్నయ్యా" అన్నాడు.

మొదటి సిట్టింగ్‌కి నన్నూ మా మామగారినీ పిలిచాడు. మామగారు ఆర్మీలో చేసి రిటైరైన మనిషి. అల్లుళ్లతో కూర్చుని రెండు పెగ్గులు వేయడానికి మొహమాటపడే రకం కాదు. అది మే నెల, ఫ్లాటు పడమటి వైపు. ఏసీ పోరాడుతోంది. మామగారు ఆ ఎత్తు స్టూలు ఎక్కబోయి, కాళ్లు అందక దిగిపోయి, బాల్కనీలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నారు. మావాడు అందులో ఖరీదైన సింగిల్ మాల్ట్ విస్కీ తీసి, మూత తిప్పి, పెద్ద పెద్ద గ్లాసుల్లో పోసి, ఐస్ వేసి ఇచ్చాడు. మామగారు ఒక గుక్క తీసుకుని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్లీ ఒక గుక్క. అప్పుడు చాలా మర్యాదగా అడిగారు: "ఏమండీ అల్లుడుగారూ, ఐస్‌కి పోపు పెట్టించారా?"

లేచి వెళ్లి ఫ్రీజర్ తెరిచాను. ఐస్ ట్రే పక్కనే మూత సరిగా పడని అల్లం వెల్లుల్లి పేస్టు డబ్బా, దాని కింద కవర్లో చుట్టిన బొచ్చె చేప ముక్కలు. ట్రేలో నీళ్లు ఎప్పుడు పోశారో ఇంట్లో ఎవరికీ తెలియదు. సరే, సోడా అయినా కలుపుకుందామంటే, పెద్ద ప్లాస్టిక్ సీసా ఒకటే ఉంది, అదీ ఎప్పుడో తెరిచింది. మూత తీస్తే చప్పుడే రాలేదు. గ్లాసుకి పెదవి ఆనిస్తే విమ్ సబ్బు వాసన. అంటే లక్షలు పోసి కట్టిన బార్‌లో నోట్లో పెట్టుకోదగింది ఒక్క మందే, దాన్ని కూడా మిగతా మూడూ కలిసి చెడగొట్టాయి. చివరికి మామగారు వంటింట్లోంచి స్టీలు గ్లాసు అడిగి తెప్పించుకుని, రమ్ములో మంచినీళ్లు కలుపుకుని తాగారు. "మా ఆర్మీ యూనిట్‌లో బార్ అంటే ఒక ఇనపట్రంకు పెట్టె. బ్రహ్మాండంగా నడిచేది" అన్నారు. మా తోడల్లుడి మొహం ఆ నీలం లైట్లో ఇంకా నీలంగా కనిపించింది.

కాబట్టి మొట్టమొదట ఐసు. దేని వాసననైనా ఐసు పట్టేస్తుంది. మూతున్న ట్రే కొనండి, వారానికోసారి ఐసు పారబోసి కొత్త నీళ్లు పోయండి. చిన్న చిన్న క్యూబులు పనికిరావు. ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా కరిగి మందుని నీళ్లపాలు చేస్తుంది. చిన్న స్టీలు గిన్నెలో గడ్డ కట్టించి నాలుగు ముక్కలు చేసుకున్నా చాలు. అద్దంలా మెరిసే ఐసు కావాలంటే నీళ్లు మరగబెట్టమని వీడియోల్లో చెప్తుంటారు, దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు. మూత తీసిన చిన్న థర్మాకోల్ డబ్బాలో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టండి. చుట్టూ చలి తగలదు కాబట్టి పైనుంచి కిందికి గడ్డ కడుతుంది, గాలి బుడగలన్నీ అడుగుకి దిగిపోతాయి. పూర్తిగా గట్టిపడకముందే తీసి అడుగు భాగం కోసి పారేస్తే పైన మిగిలేది గాజుగడ్డే. ఇంత ఓపిక లేకపోతే ఇప్పుడు ఐస్ ప్యాకెట్లు కూడా ఫోన్లో ఆర్డరిస్తే పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తున్నాయి.

సోడా చిన్న సీసాలే కొనండి, ఒకసారి తెరిస్తే అయిపోయేలా. ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి నీళ్లలోనే గ్యాసు నిలుస్తుంది, వెచ్చటి సోడా గ్లాసులో పడగానే బుసబుసమని సగం ఎగిరిపోతుంది. ముందు ఐసు, తర్వాత మందు, ఆఖర్న సోడా, గ్లాసు కాస్త వంచి పోయాలి. పోశాక చెంచాతో గిరగిరా తిప్పే మహానుభావులు కొందరుంటారు. ఆ ఉన్న గ్యాసు కూడా పోగొట్టడానికి తప్ప అది ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. అన్నట్టు, ఇక్కడ మందుకి ప్రకటనలు ఇవ్వకూడదు కాబట్టి కంపెనీలన్నీ అదే పేరుతో సోడాలు, గ్లాసులు, మ్యూజిక్ సీడీలు అని టీవీలో చూపిస్తాయి. 

గ్లాసులు అడుగు మందంగా ఉన్నవి ఆరు, పొడుగువి ఆరు. అంతే. వాటికి వేరే స్పాంజి పెట్టుకోండి. పప్పుగిన్నె తోమిన స్పాంజితో కడిగితే నూనె జిడ్డు సన్నగా అంటుకుని ఉంటుంది, దాంట్లో బీరు పోస్తే నురగ క్షణాల్లో చచ్చిపోతుంది. బీరు బాలేదని షాపువాణ్ని తిట్టేవాళ్లు ముందు ఇంట్లో గ్లాసు చూసుకోవాలి.

కొలిచి పోయడానికి 30, 60 మి.లీ. రెండు వైపులా ఉన్న స్టీలు పెగ్ మెజర్ కొనండి. ఇది లేని ఇంట్లో నేను కూర్చోను. కంటి అంచనాతో పోసేవాడు మొదటి పెగ్గు 60 అనుకుంటూ 80 పోస్తాడు, మూడోది వంద దాటుతుంది, ఆ తర్వాత "మూడే కదా వేసింది" అని వాదిస్తాడు. ఫుల్ బాటిల్ 750 మి.లీ. అంటే లార్జులు, అదే 60 మి.లీ. పెగ్గులు, పన్నెండున్నర. నలుగురికి తలా మూడు. అక్కడితో ఆగితే తెల్లారి నలుగురూ ఆఫీసుకి వెళ్తారు.

ఇక బాటిళ్లు. మీరు రోజూ తాగే విస్కీ ఒకటి, వచ్చినవాళ్ల కోసం మంచిది ఒకటి. ఓ రమ్ము: ఓల్డ్ మాంక్ 1954 నుంచీ ఉంది, దాన్ని కాదని ఇంకోటి వెతకడం దండగ. అవసరమైతే జిన్నో వోడ్కానో ఒకటి. మంచి విస్కీ అంటే స్కాచే కానక్కర్లేదు. మన దగ్గర చాలా మామూలు బ్రాండ్లు మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌కి కాస్త మాల్ట్ కలిపినవే, నిజం. కానీ బెంగళూరు అమృత్‌వాళ్లు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ని తీసుకెళ్లి ఏకంగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేశారు. ఇక్కడి ఎండకి పీపాలోంచి ఆవిరైపోయేది స్కాట్లాండ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే తక్కువ ఏళ్లలోనే పండుతుంది. ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీ షాపులో మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. మిగతావన్నీ అడక్కపోయినా తెస్తారు, ఇది మాత్రం గుర్తుచేయాలి.

పన్నెండేళ్ల స్కాచ్ బాటిల్ కొని కూతురి పెళ్లిదాకా దాచేవాళ్లని చూశాను. దాస్తే దాచండి, కానీ అది పాతికేళ్ల స్కాచ్ అవుతుందని మాత్రం అనుకోకండి. వయసు పెరిగేది పీపాలో ఉన్నంతసేపే. సీసాలోకి దిగాక అది అప్పుడూ పన్నెండే, ముప్పయ్యేళ్ల తర్వాతా పన్నెండే. పైగా తెరిచాక గాలి తగిలి రుచి పోతుంది, ముఖ్యంగా సీసా అడుగంటాక. ఎండ తగిలితే రంగు కూడా వెలుస్తుంది. అందుకే అద్దాల అరలు, కిటికీ పక్క మూలలు వద్దంటున్నాను. మన పెద్దలు బీరువాలో చీరల వెనక దాచేవారే, మందుకి నిజంగా మంచి చోటు అది. చీకటి, చల్లదనం, పిల్లల చేతికి అందదు. విస్కీ నిలబెట్టాలి, పడుకోబెడితే స్పిరిట్ బిరడాని తినేస్తుంది. బిరడా ఉన్న వైన్ మాత్రం పడుకోబెట్టాలి, తెరిస్తే మూడు నాలుగు రోజుల్లో తాగేయాలి. వర్మూత్ కొంటే తెరిచిన మర్నాటి నుంచీ ఫ్రిజ్‌లోనే. అది స్పిరిట్ కాదు, మూలికలు కలిపిన వైనే.

స్టాకు ఎందుకు అవసరం అంటారా, 2025 దసరా గుర్తుందా? సరిగ్గా అక్టోబర్ 2న పడింది. ముక్కా చుక్కా లేని దసరా తెలంగాణలో ఎవరైనా ఊహించారా? గాంధీ జయంతి అని వైన్స్ మూసేశారు, ముందు రెండు రోజులూ షాపుల ముందు తోపులాట. ఆంధ్రలో మావాళ్లదైతే ఇంకో కథ. 2019 నుంచి ప్రభుత్వ షాపుల్లో ఎన్నడూ వినని బ్రాండ్లు తాగలేక, హైదరాబాద్ వచ్చిన ప్రతివాడూ సంచిలో రెండు పెట్టుకుని సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాటేదాకా టెన్షన్ పడేవాడు. 2024 అక్టోబర్‌లో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాకగానీ మా బంధువుల ఫోన్లు ఆగలేదు. అయితే ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చన్నదానికి రాష్ట్రాన్ని బట్టి పరిమితి ఉంది, మీ ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి తెలుసుకున్నాకే పాతిక సీసాల కలలు కనండి.

అసలు కోపం చెప్పనా? స్టఫ్, అంటే మందులోకి నంజుకునేవి. హాల్లో నలుగురు మగాళ్లు కూర్చుని "ఇంకో ప్లేటు చికెన్ ఫ్రై" అని కేకేస్తుంటారు, వంటింట్లో ఒక్క మనిషి పది గంటలదాకా పొయ్యి ముందు నిలబడుతుంది. అదేం హోమ్ బారండీ? బార్ పెట్టినవాడే స్టఫ్ చేయాలి. వేయించిన పల్లీల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నిమ్మకాయ పిండితే ఐదు నిమిషాలు. గుడ్లు ఉడకబెట్టి మిరియాలు చల్లితే ఇంకో పది. కీరా ముక్కలు కోయడం రానివాడికి జిన్ బాటిల్ ఎందుకు? మా తోడల్లుడి బార్‌లో ఆ రాత్రి మా మరదలు చేసిన అపోలో ఫిష్ అద్భుతంగా ఉంది, కానీ అందరం తినేసి లేచాక తనకి మిగిలింది పచ్చిమిర్చీ కరివేపాకే.

యూనిట్‌కి పోసే డబ్బులో కొంత పెట్టి రెండు పరుపులు కొనండి, తాగినవాళ్లు బండెక్కకుండా ఇక్కడే పడుకుంటారు. రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం, ఆ గీత దాటడానికి ఒక్క లార్జు కూడా చాలొచ్చు. "నేను స్టడీగానే ఉన్నా బావా" అన్నవాడి తాళాలు ముందు తీసి బియ్యం డబ్బాలో పడేయండి.

చివరిగా ఖాళీ సీసాలు. ఖరీదైన బ్రాండు ఖాళీ సీసా, మూత, డబ్బాతో సహా పాత సామాన్లవాడికి వేయకండి. అలాంటివాటిలోనే చవక మందు నింపి మళ్లీ సీలేసి అమ్ముతూ ఎక్సైజ్‌వాళ్లకి దొరికినవాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. లేబుల్ మీద మేకుతో నాలుగు గీతలు గీకి, మూత వంచేసి అప్పుడు ఇవ్వండి. కొనేటప్పుడు కూడా మూత మీద హోలోగ్రామ్ స్టిక్కరు చిరగకుండా ఉందో లేదో షాపు లైటు కిందే చూసుకోండి. ఇంటికెళ్లి చూసుకుంటానంటే వైన్స్‌వాడు వెనక్కి తీసుకోడు.