ఆ పసుపు ముద్దలు ఏమయ్యాయి?

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను: "తేనెటీగ పూలలోని తేనె తాగి హాయిగా బతికేస్తుంది." కోపం వచ్చింది. అందుకే ఇవాళే రాస్తున్నాను.

పువ్వులో తేనె ఉండదమ్మా. ఉండేది మకరందం, అందులో చాలావరకు నీళ్లే. ఈగ దాన్ని తన కడుపులో విడిగా ఉండే తేనెసంచిలో మోసుకొస్తుంది. పట్టులోని ఈగలు దాన్ని నోటి నుంచి నోటికి అందుకుని, అరల్లో పోసి, రెక్కలతో విసిరి విసిరి నీటిని 20 శాతం లోపుకు దించితే అప్పుడది తేనె. ఇంత చాకిరీనీ నీ 'హాయిగా' ఒక్క దెబ్బకు తుడిచేసింది.

పైగా తేనె ఎగరడానికి ఓపికనిస్తుందే గానీ ఒళ్లు కట్టదు. ప్రోటీన్ కావాలంటే పుప్పొడి తినాలి. వయసులో చిన్నవైన ఈగలు పుప్పొడి తిని, తలలోని గ్రంథుల్లో ఊరే పాలలాంటి పదార్థాన్ని పిల్లపురుగులకు పెడతాయి. మొదటి మూడు రోజులూ అన్నిటికీ అదే తిండి. ఆ తర్వాత రాణి కాబోయే పురుగుకు మాత్రం అదే కొనసాగుతుంది, మిగతావాటికి పుప్పొడి, తేనె కలిపి పెడతాయి.

నాకూ ఇదంతా మొదట్లో తెలియదు. నా తొలి కథల్లో ఒకదాంట్లో రాణి ఈగ పిల్లకు తేనె తాగించింది. అచ్చయ్యాక ఈగలు పెంచే ఒకాయన కార్డు రాశారు: "రాణి పిల్లల్ని మేపదండీ. పుప్పొడి లేకుండా మీ పిల్లలు బతకరు." ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారగానే వెళ్లి ఒక పట్టుకు ఎదురుగా కూర్చున్నాను. అలా వారం రోజులు.

అక్కడే పసిరిక పిట్టను చూశాను. గాల్లోనే ఈగను ముక్కు కొసన పట్టి, మళ్లీ తన కొమ్మ మీదికే వచ్చి, దాన్ని కొమ్మకేసి బాదింది. తర్వాత ఈగ వెనక భాగాన్ని కొమ్మకు పెట్టి గట్టిగా రుద్దింది, మళ్లీ బాదింది, మళ్లీ రుద్దింది. విషం పోయిందని నమ్మకం కుదిరాకే మింగింది. నీ పిట్టేమో గుటుక్కున మింగేసింది. మరి ముల్లు ఏమైంది?

ఆ రుద్దడం గురించి నేను రాసిన ఏడు వాక్యాలనూ ఒక సంపాదకుడు కొట్టేశారు. "పాఠకులకు ఇంత జంతుశాస్త్రం ఎందుకండీ, కాస్త అందంగా ఉంటే చాలు" అన్నారు. నలభై ఏళ్లయినా ఆ కోత మానలేదు. అందమంతా ఆ రుద్దడంలోనే ఉంది! ఇప్పుడు ఇంకో వరస వచ్చింది, ఎవరు రాసినా తేనెటీగ అంటే కష్టజీవికి ఉపమానం. ఆ ఉపమానానికి ఆకలి ఉండదు, శత్రువులూ ఉండరు. ఎవరు ఏం తింటారో, వాళ్లను ఎవరు తింటారో తెలియకుండా ఒక్క ప్రాణి గురించీ రాయకు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

నీ ఎలుగుబంటి తేనె నాకి వెళ్లిపోయింది. నిజం ఎలుగు పట్టు చీల్చి పిల్లపురుగులనూ తినేస్తుంది. తేనెగద్దకైతే ఆ పురుగులే ముఖ్యం. పీతసాలీడు పువ్వు రంగులో కలిసిపోయి, ఈగ వాలేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఇక కందిరీగ రాగానే నీ ఈగలన్నీ పారిపోయాయే, అక్కడే నువ్వు అసలు కథ వదిలేశావు. ఆసియా తేనెటీగలు వందల కొద్దీ ఆ పెద్ద కందిరీగ మీద పడి ఉండలా కమ్మేస్తాయి. రెక్కల కండరాలు అదిలిస్తూ ఉండ లోపల వేడిని దాదాపు 46 డిగ్రీలకు తెస్తాయి. ఆ వేడికి కందిరీగ చస్తుంది, ఈగలు తట్టుకుంటాయి.

కథ పేరు మార్చాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి తర్వాత.

ఒక్క చోట మాత్రం నా చేయి ఆగింది. వెనక కాళ్లకు పసుపు ముద్దలతో వాలిన ఈగ, గుమ్మం దగ్గర పొట్ట ఎగరేస్తూ కాసేపు నిలబడింది చూడు, అది నువ్వు కళ్లారా చూసి రాశావు. ఆ ముద్దలే పుప్పొడి. అది లోపలికి వెళ్లి వాటిని ఏ అరలో దులిపింది, ఏ ఈగ తలతో అదిమి పెట్టింది, చివరికి ఏ పురుగు నోటికి చేరింది? అది రాసి మళ్లీ పంపు.

నీ శ్రేయోభిలాషి