నవల రాయబోతున్న చిట్టితల్లికి

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు మూడు నెలలు సెలవు పెట్టి, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆడవాళ్లు పడే చిన్నచూపు గురించి, మా తరానికీ మీ తరానికీ మధ్య పెరిగిన దూరం గురించి నవల రాయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వం, మరోపక్క గుబులు. రోజూ కొంత రాయి. ఊరు, హోదా, ప్రాజెక్టు అన్నీ మార్చు. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం చేసిన ఒప్పంద పత్రాన్ని ఒకసారి తీసి, ఆఫీసు సంగతులు బయటపెట్టడం గురించి అందులో ఏముందో చదువు. ఈ మాటను కొట్టిపారేయకు, ఇంటి అప్పు తీరడానికి నీకింకా చాలా ఏళ్లున్నాయి.

కాలాన్ని జాగ్రత్తగా పట్టుకో. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద ప్రత్యేక చట్టం 2013లో గానీ రాలేదు. అంతకుముందు 1997లో విశాఖ అనే మహిళా సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలే ఉండేవి, వాటి సంగతి మా ఆఫీసులో మాకెవరికీ తెలియదు.

నా అసలు భయం వేరు. మా తరం ఆడవాళ్లను నువ్వు దారి వేసిన వీరనారులుగా రాస్తావేమోనని.

అమీర్‌పేటలో కోబోల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పకుండా సరిచేసే వై-టూ-కే పనులతో ఉద్యోగంలో చేరినదాన్ని నేను. మీ అన్నయ్య పుట్టినప్పుడు 12 వారాల సెలవు ఉన్నా ఏడో వారంలోనే ఆఫీసుకు వెళ్లి, అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను. 2004లో టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు, నా టీములో ఒక అమ్మాయి ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చిన నెలకే అప్రైజల్స్, అంటే ఏడాది పనికి అందరికీ రేటింగులు వేయడం, మొదలయ్యాయి. ఇంతమందికి మంచి రేటింగు, ఇంతమందికి తక్కువ అని ముందే పంచేసే బెల్ కర్వ్ లెక్కకు ఎవరో ఒకరిని అట్టడుగున వేయక తప్పదని, ఆమె ఎలాగూ మూడు నెలలు లేదు కదా అని మేనేజరు అంటే, నేను ఒక్క మాటైనా అడ్డు చెప్పకుండా సంతకం పెట్టాను. ఆ అమ్మాయి నా ఎదుట కూర్చుని, పాలు చేపి తడిసిన కమీజు కనిపించకుండా ఫైలును గుండెలకు హత్తుకుని, “మీకైనా తెలుసు కదా మేడమ్” అంది. “నేను ఏడో వారంలోనే వచ్చాను” అన్నాను. పై వారం ఆమె రాజీనామా చేసింది.

2017లో ఆ సెలవును 26 వారాలకు పెంచినప్పుడు నాలో మొదట కలిగింది సంతోషం కాదు, ఈ పిల్లలకు ఎంత సులువైపోయింది అన్న కడుపుమంట. నువ్వు తరాల మధ్య దూరం అంటున్నావే, అది ఆ మంటలో ఉంది తల్లీ, దాన్ని రాయి. మేనేజరును మాత్రం రాక్షసుణ్ణి చేయకు. కోపం వస్తే ఎదుటివాళ్లలో మంచి కనబడకపోవడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మీ అన్నయ్యకు జ్వరం ముదిరిన రాత్రి తన కారులో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన మనిషి ఆయన.

ఆ అమ్మాయి తర్వాత ఏమైందో నేను ఎన్నడూ కనుక్కోలేదు. నీ నవలలో ఆమె చేత ఉద్యోగం మాన్పించవద్దని అడగాలని ఉంది కానీ అడగను. ఆ అధ్యాయం పూర్తయ్యాక అందరికంటే ముందు నాకు చదివి వినిపించు, ఫోనులో కాదు, ఇంటికి వచ్చి. రాత్రిళ్లు మేలుకోకు, వేళకు అన్నం తిను.

నీ పెద్దమ్మ