పాప ధ్రువ సముద్రాల ప్లాంక్టన్ చదువుతానంటోంది, పంపమంటారా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక నాన్నగారు అడిగారు. పాపకి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలా, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి ఫీజు కడదామంటే వద్దని ఏడుస్తోంది, అంటార్కిటికా సముద్రంలో జూప్లాంక్టన్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది, నేను మిర్చి యార్డులో గుమాస్తాని, ఇది అసలు చదువేనా సార్ అని.

చదువేనండి, కంగారు పడకండి. జూప్లాంక్టన్ అంటే నీళ్ళలో ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులు. బాపట్ల వైపు రొయ్య పిల్లల హ్యాచరీలో పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా ఎప్పుడన్నా చూశారా, లైటు పెడితే నారింజ రంగు దుమ్ములాగా అంతా వెలుగు వైపు వచ్చేస్తుంది, అదీ జూప్లాంక్టనే. అంటార్కిటికా దగ్గర క్రిల్ అని ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చూడ్డానికి అచ్చం రొయ్యలాగే ఉంటుంది, తిమింగలాలూ పెంగ్విన్లూ దాని మీదే బతుకుతాయి. ఆర్కిటిక్‌లో కెలానస్ అని ఇంకో చిన్న జీవి, బియ్యపు గింజంత ఉంటుంది, వేసవిలో మేసి ఒంట్లో నూనె సంచి నింపుకుని చలికాలం లోతుకి దిగి పడుకుంటుంది. అక్కడ నెలల తరబడి సూర్యుడు రాని చీకట్లో కూడా ప్లాంక్టన్ చంద్రుడి వెలుగుని బట్టి పైకీ కిందకీ తిరుగుతుందట, నాకైతే చదివినప్పుడు భలే అనిపించింది.

కానీ ఓడ ఎక్కేది కొన్ని వారాలే, మిగతా ఏడాదంతా నమూనాలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ వాసనలో మైక్రోస్కోప్ ముందు కూర్చుని లెక్కపెట్టడమే. మీరు మిరపకాయ చేత్తో పట్టుకుని తేజ రకమేదో 334 రకమేదో చెప్పేస్తారు కదా, పాప అలాగే ఆ జీవుల కాళ్ళ మీద నూగు చూసి జాతి చెప్పాలి. కెలానస్‌లో రెండు జాతులైతే ఎంత దగ్గరగా ఉంటాయంటే అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడి చివరికి డీఎన్ఏ టెస్టుతో తేల్చుకున్నారు.

డిగ్రీలో పోలార్ అనే పేరు కోసం వెతక్కండి. జువాలజీ తీసుకుని పక్కన స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి, మన పిల్లలు అక్కడే వెనకబడతారు. తర్వాత ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ, వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలోనో కొచ్చిన్‌లోనో. ఆ పైన రీసెర్చ్ చేసేవాళ్ళకి పెట్టే నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ కొడితే నెలకి 37 వేల ఫెలోషిప్. మన దేశంలో ధ్రువాల పని చూసేది గోవా వాస్కోలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, ఎన్‌సీపీఓఆర్ అంటారు, అంటార్కిటికాలో మైత్రి, భారతి, ఆర్కిటిక్‌లో 2008 నుంచి హిమాద్రి స్టేషన్లు వాళ్ళవే. నార్వేలో పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగమే, కానీ ఎమ్మెస్సీకి 2023 నుంచి యూరప్ బయటి మనలాంటి వాళ్ళకి ఫీజులు పెట్టారు, కాబట్టి కన్సల్టెన్సీ మాట విని ఇల్లు తాకట్టు పెట్టొద్దు.

ఉద్యోగాలు తక్కువండి, దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దగ్గర పడుతుంది, అప్పటిదాకా పెళ్ళి పెళ్ళి అని చుట్టాలు మీ ప్రాణం తీస్తారు, అది మీరే కాచుకోవాలి. అంత భయమైతే ఈఏపీసెట్ ర్యాంకుతో నెల్లూరు దగ్గర ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ, అంటే చేపలు రొయ్యల పెంపకం డిగ్రీ ఉంది, ప్లాంక్టన్ అక్కడా చెప్తారు, మధ్యలో మనసు మారినా మన చెరువుల చుట్టూ బతుకుతెరువు ఉంటుంది. నన్నడిగితే నేను దానికే మొగ్గుతా, పాప ఒప్పుకుంటే.

ముందు ఒక ఆదివారం తెలిసినవాళ్ళ హ్యాచరీకి తీసుకెళ్ళి, చెరువు నీళ్ళు ప్లాంక్టన్ నెట్‌తో వడగట్టించి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టండి, ఒక్క మూడొందల జీవుల్ని లెక్కపెట్టి రకాల వారీగా నోట్‌బుక్కులో రాయమనండి. మీరు పక్కన నిలబడొద్దు, బయట టీ తాగుతూ ఉండండి. గంటకి ఫోన్ పట్టుకుని బయటికొస్తే ఒక లెక్క, భోజనానికి పిలిచినా రాకపోతే ఇంకో లెక్క. లాంగ్ టర్మ్ ఫీజు మాత్రం ఆ ఆదివారం అయ్యేదాకా కట్టకండి.