ఫంక్షన్ డెఫినిషన్‌లో అట్రిబ్యూట్ ఎక్కడ రాయాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: హెడర్‌లో లాగ్ ఫంక్షన్ ప్రోటోటైప్ చివర, సెమికోలన్‌కు ముందు ఫార్మాట్ అట్రిబ్యూట్, అంటే ఆర్గ్యుమెంట్లను ప్రింట్ఎఫ్ లాగే సరిచూడమని కంపైలర్‌కు ఇచ్చే సూచన, (ప్రింట్ఎఫ్, 2, 3) పెడితే సీ కంపైలర్ జీసీసీ కిక్కురుమనలేదు. అదే లైన్‌ను సోర్స్ ఫైల్లోకి కాపీ చేసి, సెమికోలన్ బదులు బ్రేస్ తెరిచేసరికి ఎర్రర్ వచ్చింది.

బ్రాకెట్ మూసిన తర్వాత, బ్రేస్‌కు ముందు ఉన్న ఆ చోటు పాత కె అండ్ ఆర్ (సీ భాష తొలి రోజుల) పద్ధతిది. అప్పట్లో బ్రాకెట్లలో పారామీటర్ల పేర్లు మాత్రమే రాసి, వాటి టైపులు సరిగ్గా అక్కడే డిక్లేర్ చేసేవాళ్లు. అక్కడ అట్రిబ్యూట్ కనిపిస్తే అది ఫంక్షన్‌దా, మొదటి పారామీటర్‌దా తేలదు. అందుకే జీసీసీ డెఫినిషన్లలో ఆ చోటును ఒప్పుకోదు. కొత్త వెర్షన్లు అట్రిబ్యూట్ డిక్లరేటర్‌కు (ఫంక్షన్ పేరు, పారామీటర్లు ఉన్న భాగానికి) ముందు ఉండాలని నేరుగా చెప్తాయి. పాతవి బ్రేస్ ముందు కామానో సెమికోలనో కావాలంటాయి, దాంతో టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాదు.

అట్రిబ్యూట్‌ను ముందుకు జరపండి: స్టాటిక్, అట్రిబ్యూట్, వాయిడ్, ఆ తర్వాత ఫంక్షన్ పేరు. అంతే, కంపైల్ అవుతుంది.

నేనైతే డెఫినిషన్‌లో అసలు రాయను. ప్రోటోటైప్‌లోనే పెడతాను, స్టాటిక్ ఫంక్షన్ అయినా పైన ఒక ప్రోటోటైప్ లైన్ రాస్తాను. సోర్స్ ఫైల్ ఆ హెడర్‌ను ఇంక్లూడ్ చేస్తే చాలు, అట్రిబ్యూట్ డెఫినిషన్‌కూ వర్తిస్తుంది. పైగా మిగతా ఫైళ్లకు కనిపించేది హెడరే కదా! ఒక ప్రాజెక్టులో, ప్రోగ్రామ్‌ను ఆపేసే ఫంక్షన్‌కు నోరిటర్న్ (ఈ ఫంక్షన్ తిరిగి రాదని చెప్పే అట్రిబ్యూట్) డెఫినిషన్‌లో మాత్రమే ఉండేది. చివర్లో దాన్ని పిలిచే ఇంట్ ఫంక్షన్లన్నిటికీ రిటర్న్ లేదన్న వార్నింగే. హెడర్‌లోకి మార్చాక అన్నీ పోయాయి.

ఇంకో సీ కంపైలర్ క్లాంగ్‌తో జాగ్రత్త. మీరు రాసిన చోట అట్రిబ్యూట్ ఉన్నా, జీసీసీ దీన్ని ఒప్పుకోదని ఒక వార్నింగ్ ఇచ్చి కంపైల్ చేసేస్తుంది. మా టీమ్‌లో క్లాంగ్ వాడేవాళ్ల దగ్గర నడిచిన కోడ్ జీసీసీ ఉన్న బిల్డ్ సర్వర్‌లో ఆగిపోయేది.

సీ భాష కొత్త ప్రమాణం సీ23లో వచ్చిన జంట చదరపు బ్రాకెట్ల అట్రిబ్యూట్లకు ఈ లెక్క పనికిరాదు. అవి స్టాటిక్ కంటే కూడా ముందు, డిక్లరేషన్ మొదట్లో గానీ, ఫంక్షన్ పేరు వెంటనే గానీ రావాలి. స్టాటిక్‌కు, వాయిడ్‌కు మధ్యలో పెడితే ఎర్రర్. పారామీటర్ల బ్రాకెట్ తర్వాత రాస్తే ఫంక్షన్‌కు కాదు, ఫంక్షన్ టైప్‌కు అంటుకుంటాయి కాబట్టి నోరిటర్న్ అక్కడ పనిచేయదు.