ఆరో పేజీలో అమ్మ కళ్ళజోడు

తల్లీ,

వ అలైకుముస్సలామ్.

నమాజ్, రోజా ఉపవాసాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం వచ్చి పది రోజులైంది. మొదటిసారి చదివి పక్కన పెట్టేశాను. పదకొండు పేజీల్లో 'ప్రశాంతత' అన్న మాట పద్నాలుగు చోట్ల ఉంది. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ లెక్కించాను. తెల్లవారుజాము ఫజ్ర్ నమాజ్ ప్రశాంతత ఇస్తుంది, నమాజుకు ముందు కడుక్కునే వజూ నీళ్ళు ప్రశాంతత ఇస్తాయి, ఖుర్ఆన్ పారాయణం ప్రశాంతత ఇస్తుంది. చదువుతున్న నాకు మాత్రం ఊపిరాడలేదు. అయినా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఆరో పేజీలో నువ్వు గబగబా దాటేసిన నాలుగు వాక్యాలు నన్ను వదల్లేదు. రాత్రి ఇషా నమాజ్ చదువుకుని పడుకున్నా అవే కళ్ళ ముందు.

రోజా విరిచే ఇఫ్తార్‌కు ఇంకా పది నిమిషాలుంది. నువ్వు ఖుర్ఆన్ తెరిచి కూర్చున్నావు. అమ్మ గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కాస్త వెతికిపెట్టమ్మా అంది. "రోజాతో ఉన్నాను, కనబడట్లేదా?" అని కసిరావు. అమ్మ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెంటనే కొత్త పేరా: "రంజాన్ మాసం మనిషికి సహనాన్ని నేర్పుతుంది."

నీ వ్యాసం ఆ గోడ దగ్గరుంది తల్లీ. మిగతా పేజీలన్నీ దాని మీద కప్పిన దుప్పటి.

నువ్వు కసిరిన మాటను ఒకసారి మళ్ళీ చూడు. రోజాలో ఉన్న మనిషితో ఎవరైనా గొడవకు దిగినా, తిట్టినా, "నేను రోజాతో ఉన్నాను" అనమన్నారు ప్రవక్త (స). ప్రవక్త మాటలు కూర్చిన హదీసు గ్రంథాల్లో బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. ఆ మాట మన కోపానికి మనం వేసుకునే గొళ్ళెం. నువ్వు ఆ గొళ్ళేన్నే ఊడబెరికి అమ్మ మీద విసిరావు. పైగా 'కనబడట్లేదా' అన్నది ఎవరిని? అద్దాల్లేక తడుముకుంటున్న మనిషిని. తల్లిదండ్రులను 'ఉఫ్' అని కూడా అనొద్దంటుంది ఖుర్ఆన్ 17వ సూరా. నువ్వు 'ఉఫ్' దాటి చాలా దూరం వెళ్ళావు.

నిన్ను బాధపెట్టాలని ఇదంతా రాయడం లేదు. నువ్వు ఆ సంగతి దాచకుండా కాగితం మీద పెట్టావు కాబట్టే కలం పట్టాను. పెట్టనివాళ్ళకు నేను జవాబివ్వను.

ముప్పై ఏళ్ళుగా నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటుంది. ఇబాదత్ గురించి, అంటే ఆరాధన గురించి రాసేవాళ్ళు తమకు దొరికిన శాంతి గురించి రాయకూడదు. తమ నఫ్స్, లోపలి మనసు, దొరికిపోయిన క్షణం గురించి రాయాలి. ఖుర్ఆన్‌లో నఫ్స్‌కు మూడు స్థితులు కనిపిస్తాయి. చెడు వైపు ఉసిగొల్పే అమ్మారా, తప్పు చేశాక తనను తాను నిలదీసుకునే లవ్వామా, నెమ్మదించి తన ప్రభువు వైపు మళ్ళే ముత్మయిన్నా. నువ్వు మొదటి పేజీ నుంచే ముత్మయిన్నా గొంతుతో మాట్లాడావు. ఆ గొంతు నీకు ఇంకా రాలేదు. నాకూ రాలేదు. కానీ 75వ సూరా ఎలా మొదలవుతుందో చూడు. తీర్పు జరిగే ఖియామత్ దినంతో పాటు అల్లాహ్ ప్రమాణం చేసింది లవ్వామా మీద. నిలదీసుకునే మనసుకు అంత విలువ ఇచ్చాడు. మనలాంటి వాళ్ళం అక్కడ నిలబడి రాస్తే చాలదా?

తప్పు రాస్తే ధర్మానికి మచ్చ వస్తుందని నీకు భయం ఉన్నట్టుంది. ఆ భయం నీకు పుట్టింది కాదు, ఎవరో నేర్పింది. 80వ సూరా తెరువు. దాని పేరే 'అబస', అంటే 'ముఖం చిట్లించాడు' అని. ప్రవక్త (స) ఖురైష్ పెద్దలకు ధర్మం చెబుతున్నారు. వాళ్ళు వింటే మక్కా వింటుందన్న ఆశ. అంతలో అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (ర) వచ్చి, నాకూ నేర్పండి అని మధ్యలో అడిగారు. ప్రవక్త (స) ముఖం చిట్లించి పక్కకు తిరిగారు. ఆ చిట్లింపు ఆ అంధుడికి కనబడే అవకాశమే లేదు. ఎవరూ ఏమీ అనుకోకుండా గడిచిపోవాల్సిన క్షణం. అయినా ఖుర్ఆన్ వాక్యాలు, ఆయతులు దిగాయి. అలా దిగినవాటిని ప్రవక్త (స) తన నోటితోనే వినిపించారు. ఈ ఉమ్మత్, ముస్లిం సమాజమంతా, పద్నాలుగు వందల ఏళ్ళుగా నమాజుల్లో నిలబడి చదువుతోంది. ఆ ఇబ్నె ఉమ్మె మక్తూమే తర్వాత బిలాల్ (ర)తో పాటు మదీనాలో నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చారు. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు ఎన్నోసార్లు మదీనా బాధ్యత చూశారు.

నీకు ఆ ఘటనతో పోలిక తేవడం లేదు, ఆ సాహసం నాకు లేదు. కానీ ధర్మకార్యంలో మునిగి ఉండగా చూపు ఆనని మనిషి ఒకరు వచ్చి ఏదో అడిగారు, అడిగినందుకు విసుగొచ్చింది. ఇది చిన్న విషయం కాదని అల్లాహ్ ఒక సూరాతో చెప్పాడు. నువ్వు నాలుగు వాక్యాల్లో తేల్చేశావు.

నేనూ తేల్చేసిన దాన్నే. విను.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పత్రికకు జకాత్ అనే విధిదానం మీద వ్యాసం రాశాను. ఆ ఏడాది లెక్క చూసుకుని, వందకు రెండున్నర చొప్పున తీసి పక్కన పెట్టి, అందులోంచి కొంత ఒక ముసలాయనకు ఇచ్చాను. ఆయన నోట్లు మడిచి, లెక్క కూడా చూడకుండా జేబులో పెట్టుకున్నాడు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. దేనికోసం? ఒక చిన్న మెరుపు కోసం. 'నీ మేలు మరచిపోనమ్మా' అన్న మాట కోసం. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నా లోపల ఏదో చివుక్కుమంది. ఆ చివుక్కుమన్న దాని గురించి ఒక పేజీ రాశాను. దెప్పిపొడిచి, మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండి అన్న అల్ బఖరా ఆయతును ఆ పేజీ చివర పెట్టాను.

ఎడిటర్ ఆ పేజీ మొత్తం కొట్టేశాడు. పండగ సంచికలో ఇలాంటివెందుకు, మీ వాళ్ళ గురించి మంచి అభిప్రాయం రావాలి కదా అన్నాడు. ప్రతి అరబీ మాట పక్కన బ్రాకెట్లో ఓ తెలుగు మాట ఇరికించాడు. శాంతి, సందేశం అన్న రెండు మాటలు కలిపి పేరు తగిలించాడు. ఏడాదిలో ఒక్క నెల తప్ప మిగతా పదకొండు నెలలూ మన నమాజ్ ఎవరికీ గుర్తుకు రాదు. ఆ నెలలో గుర్తొచ్చినా పూలదండలా కావాలి. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, ఒప్పుకుంటాను. కానీ అంతకంటే పెద్ద తప్పు నాది. పేరు అచ్చులో చూసుకోవాలని సరేనన్నాను. వ్యాసం వచ్చాక పాఠకుల ఉత్తరాలొచ్చాయి. మీలాంటి చేతులు ఉండబట్టే లోకం నడుస్తోంది అని ఒకాయన రాశాడు. ఆ ముసలాయన ముఖంలో వెతికింది ఆ ఉత్తరంలో దొరికింది నాకు. ఎన్నిసార్లు చదువుకున్నానో!

దాన్నే రియా అంటారు. నలుగురి కంట పడాలని చేసే ఇబాదత్. 107వ సూరా చిన్నది, ఏడే ఆయతులు. నమాజ్ చేసేవాళ్ళకే వినాశం ఉందంటుంది. ఏ నమాజీలకు? తమ నమాజ్ పట్ల ఏమరుపాటుగా ఉండేవాళ్ళకు, చూపించుకోవడానికి చేసేవాళ్ళకు, చిన్నపాటి సాయం కూడా చేయనివాళ్ళకు. కళ్ళజోడు వెతికిపెట్టడం చిన్నపాటి సాయమే కదా తల్లీ.

మూడు, నాలుగు పేజీలు తీసేయ్. నుదురు నేలకు ఆనించే సజ్దా వల్ల మెదడుకు రక్తం బాగా అందుతుంది, రోజా వల్ల జీర్ణశక్తి పెరుగుతుంది, ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మంచిదని ఇప్పుడు డాక్టర్లే చెబుతున్నారు. ఇవన్నీ ఎవరి మెప్పు కోసం రాశావు? బరువు తగ్గాలని పస్తుంటే అది పస్తే. బుఖారీ మొదటి హదీసే పనులు నియ్యత్‌ను, ఉద్దేశాన్ని బట్టి అని. ఈ మధ్య రీల్స్ నిండా ఇదే గోల, నమాజును వ్యాయామంలా అమ్మడం. రోజా ఎందుకో అల్ బఖరాలో ఉంది, మీకు తఖ్వా అలవడాలని. తఖ్వా అంటే ఏమిటని హజ్రత్ ఉమర్ (ర) అడిగితే, ఉబయ్ ఇబ్నె కఅబ్ (ర) ఎదురు అడిగారని చెబుతారు: ముళ్ళబాటలో ఎప్పుడైనా నడిచారా, అప్పుడు ఏం చేశారు? బట్టలు దగ్గరకు తీసుకుని జాగ్రత్తగా నడిచాను. అదే తఖ్వా. నీ చున్నీ ఇఫ్తార్‌కు పది నిమిషాల ముందు ముల్లుకు తగులుకుంది. ఆ చిరుగు చూపించు. జీర్ణశక్తి గురించి డాక్టర్లు రాసుకుంటారు.

ఇమామ్ గజాలీ పేరు ఊరికే వాడావు, ఆయన చేసిన పని చెప్పలేదు. బగ్దాద్ నిజామియా మదరసాలో అంత పెద్ద ఉస్తాదు, వందల మంది శిష్యులు. ఒకరోజు తన నియ్యత్‌ను తానే తవ్వి చూసుకున్నాడు. పాఠం చెబుతున్నది అల్లాహ్ కోసం కాదు, పేరు కోసం అని తేలింది. వెళ్ళిపోవాలని ఒక అడుగు ముందుకు, వద్దులే అని ఒక అడుగు వెనక్కి. దాదాపు ఆరు నెలలు ఆ నలుగులాట. చివరికి పాఠం చెబుదామంటే నాలుక కదల్లేదు. 1095లో అన్నీ వదిలేసి బయల్దేరాడు. ఇదంతా ఆయనే రాసిపెట్టాడు. తన పేరాశను తన చేత్తో రాశాడు కాబట్టే మిగతా మాటలు మనం నమ్ముతాం.

నాకు నలభై దాటాక కూడా ఒక జబ్బుండేది. సాయంత్రం అస్ర్ నమాజ్‌లో నిలబడగానే వాక్యాలు తట్టేవి. రాయడానికి కూర్చుంటే రానివి ఫాతిహా చదువుతుంటే వచ్చేవి. మరచిపోతానేమోనని రుకూ, సజ్దా గబగబా కానిచ్చి, సలాం తిప్పగానే కలం కోసం పరిగెత్తేదాన్ని. అల్లాహ్ ఇచ్చిన వరం అనుకునేదాన్ని కూడా. ఒకరోజు నమాజ్ ఆవృత్తుల్లో రెండో రకాతా మూడో రకాతా తెలియలేదు. ఎంత ఆలోచించినా కథలో మనిషి ఏం అన్నాడో గుర్తుంది గానీ నేను ఎక్కడున్నానో గుర్తు లేదు. తక్కువ లెక్క పట్టుకుని పూర్తి చేసి, చివర ఏమరుపాటుకు చేసే సజ్దా సహ్వ్ చేశాను. నుదురు నేలకు ఆనినప్పుడు అర్థమైంది. ఏమరుపాటుకు నమాజ్‌లోనే ఒక చోటు పెట్టారు. దాన్ని కప్పిపుచ్చమనలేదు, నమాజ్ మొత్తం పారేయమనీ అనలేదు. రెండు సజ్దాలు అదనంగా చేసి, తప్పును నమాజ్‌లో కలుపుకుని ముగించమన్నారు. ఆ రోజు నుంచి నా వ్యాసాలు మారాయి. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ సలాం తర్వాత పరుగు మానేశాను. పోయిన వాక్యం పోయిందనుకుంటాను.

నీకూ ఒక పని చెబుతాను. ఇషా తర్వాత ఒక నోట్‌బుక్ తెరిచి మూడు లైన్లు రాయి. మీ లెక్క తీసుకోకముందే మీ లెక్క మీరు చూసుకోండి అని హజ్రత్ ఉమర్ (ర) మాటగా చెబుతారు. దీన్నే ముహాసబా అంటారు. గుణాల పేర్లు రాయొద్దు. 'ఈరోజు ఓపిక తగ్గింది' అని రాస్తే మనసు తప్పించుకుంటుంది. 'కళ్ళజోడు అడిగితే కసిరాను, అమ్మ గోడ పట్టుకుని వెళ్ళింది' అని రాస్తే తప్పించుకోలేదు. ఎక్కువ రాయకు. కొద్దిపాటిదైనా క్రమం తప్పని పని అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసు. మూడు లైన్లు ఏడాది పాటు చాలు.

ఒక హెచ్చరిక కూడా. ఆ నోట్‌బుక్ మొత్తం అచ్చుకు పంపేది కాదు. రాత్రి చేసిన తప్పును అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లారి దాన్ని నలుగురికీ చాటుకునేవాడికి క్షమాపణ దూరమని బుఖారీలో ఉంది. నేను తప్పు రాయమంటుంటే ఇదేమిటి అనుకుంటావు. ఈ రెంటి మధ్య దారి చాలా సన్నం, నేను అందులో చాలాసార్లు జారాను. తప్పు చెప్పుకోవడంలోనూ రుచి ఉంటుంది. 'చూడండి నేను ఎంత నిజాయితీపరురాలినో' అన్న గొంతు వచ్చిందంటే అది కూడా రియానే. నాకు తెలిసిన గుర్తు ఒకటే. రాస్తుంటే చెయ్యి బరువెక్కాలి. చెయ్యి ఉత్సాహంగా కదులుతుంటే ఆ పేజీ నోట్‌బుక్‌లోనే ఉండనీ. ఇంకోటి, మనుషుల పట్ల చేసింది ఆ మనుషులు క్షమిస్తేనే తీరుతుంది. దుఆలో ఎంత ఏడ్చినా అది అమ్మ దగ్గర చేయాల్సిన పని. ముందు అది చెయ్యి, తర్వాత రాయి. అమ్మ వద్దంటే రాయకు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, పారితోషికం ఎంత వస్తుందని అడిగావు. అవి ఇప్పుడు మాట్లాడే విషయాలు కావు.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. ఆరో పేజీ తప్ప అన్నింటి మీదా గీతలున్నాయి. ఆరో పేజీలో ఆ నాలుగు వాక్యాల కింద ఖాళీ కాగితాలు రెండు జత చేశాను. అమ్మ గోడ పట్టుకుని వెళ్ళాక ఏమైందో అక్కడి నుంచి మొదలుపెట్టు. అజాన్ అయ్యిందా, నువ్వు చేతులు ఎత్తి దుఆ చేస్తుంటే అమ్మ ఎక్కడ కూర్చుంది, నీ వైపు చూసిందా? ఆమె కళ్ళజోడు దొరికిందా? పదకొండు పేజీలు వెతికాను, నువ్వు ఎక్కడా రాయలేదు.

దుఆలతో,
నువ్వు ఆపా అని పిలిచిన
నీ పెద్దక్క