పిగిలిపిట్టల గూడు చూడబోయే మనవరాలికి

చిట్టితల్లీ,

పెరట్లో మందార చెట్టు మీద పిగిలిపిట్టలు గూడు కట్టాయనీ, సెలవులన్నీ వాటిని చూస్తూ నోటుబుక్కులో రాసుకుంటావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత సంతోషపడ్డానో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ ప్రహరీ మీద తిరిగే పిల్లి కళ్లముందు మెదిలింది.

వంటింటి కిటికీలోంచి చూడు, అది చాలు. బాగా కనబడాలని ఆకులు తుంచకు, నీకు కనబడిన గూడు కాకికీ కనబడుతుంది. గుడ్లు 2 గానీ 3 గానీ ఉంటాయి. సుమారు 14 రోజులు పొదిగాక పిల్లలవుతాయి. మరో 12 రోజులకల్లా గూడు వదులుతాయి. నా భయమంతా ఆ రోజు గురించే.

మీ మామయ్య చిన్నప్పుడు బావిగట్టు దగ్గర ఒక పిగిలిపిల్లను చూశాడు. తోక ఇంకా మొండిగానే ఉంది, ఎగరబోయి పడుతోంది. గూట్లోంచి జారిపడిందనుకుని తెచ్చి, బుట్టలో పాతచీర పరిచి పడుకోబెట్టాడు. దూదిని పాలలో ముంచి నోట్లో పిండాడు. పిట్టలకు పాలు అరగవు, అలా పోస్తే ఊపిరిగొట్టంలోకి కూడా పోతాయి. ఆ సంగతి అప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లో తండ్రో, రెండూ ఒకేలా ఉంటాయిగా, ముక్కున పచ్చని గొంగళిపురుగు పట్టుకుని కిటికీ చువ్వ మీద వాలింది. దండెం మీదికి ఎగిరి, మళ్లీ చువ్వ మీదికే వచ్చింది. పిల్ల బెదురుతుందని వాడు కిటికీ మూసేశాడు. తెల్లవారేసరికి పిల్ల చల్లబడిపోయింది. వాడు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ప్రేమతో చేసిన పనికి ఎవరు మాత్రం కోప్పడతారు?

ఈకలు వచ్చిన పిల్ల నేల మీద గెంతుతుంటే ఇంట్లోకి తేకు. ఎగరడం బాగా వచ్చేదాకా తల్లీ తండ్రీ అక్కడికే వచ్చి మేపుతాయి. పిల్లి దారిలో ఉంటే మాత్రం తీసి దగ్గరి పొదలో పెట్టి వచ్చెయ్యి. ఈకలు రానిది పడితే గూట్లోనే పెట్టించు. మనిషి ముట్టుకుంటే తల్లి చేరదీయదన్న మాట నమ్మకు.

ఫోటోల కోసం స్టూలెక్కావని తెలిస్తే ఊరుకోను సుమా! మొదట్లో పురుగులు ఎక్కువగా తెస్తాయి, పండ్లు తర్వాత. పండ్లు తేవడం ఏ తేదీన మొదలుపెట్టాయో రాసిపెట్టు, ఆదివారం ఫోనులో చదివి వినిపించు.

మీ అమ్మమ్మ