టెక్ సందేహాలు: మాగ్జిమైజ్ నొక్కితే విండో హద్దు దాటుతోందా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాల కోసం బ్రౌజర్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. పైన మెనూ, ఎడమ పక్కన దుకాణం వివరాలు, మిగతా జాగా అంతా వర్క్‌స్పేస్. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ), రైతు ఖాతా, ఖరీదుదారు బిల్లు ఒక్కోటి ఒక్కో చిన్న విండోగా అందులో తెరుచుకుంటాయి. పాత వీబీ 6 (విజువల్ బేసిక్ 6) సాఫ్ట్‌వేర్‌కు అలవాటు పడినవాళ్లు అదే పద్ధతి కావాలన్నారు. మాగ్జిమైజ్ నొక్కితే మాత్రం విండో వర్క్‌స్పేస్ వరకే ఆగకుండా మొత్తం స్క్రీన్ ఆక్రమించి మెనూను కప్పేస్తోంది. బయటకు ఎలా రావాలో తెలియక గుమాస్తా ట్యాబే మూసేస్తున్నాడు, టైప్ చేసిన బిల్లు పోతోంది. కోడ్‌లో పొజిషన్ ఫిక్స్‌డ్, వెడల్పు 100వీడబ్ల్యూ, ఎత్తు 100వీహెచ్ పెట్టాం. మెనూ ఎత్తు తీసేసి లెక్కగట్టినా ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా వస్తోంది.

జవాబు: తమ్ముడూ, లెక్క ఎంత సరిచేసినా ఇది కుదరదు, ఎందుకంటే కొలత తీసుకునే చోటే తేడాగా ఉంది. పొజిషన్ ఫిక్స్‌డ్ అంటే ఆ విండో బ్రౌజర్ కనబడే భాగం మొత్తాన్ని చూసి తన జాగా నిర్ణయించుకుంటుంది, మీ వర్క్‌స్పేస్ అనేది ఒకటుందని దానికి తెలియనే తెలియదు. వీడబ్ల్యూ, వీహెచ్ కూడా అంతే, అవి బ్రౌజర్ కనబడే భాగం వెడల్పులో, ఎత్తులో నూరో వంతు, ఆ కొలతలకు తల్లి డబ్బాతో, అంటే విండోను లోపల పెట్టుకున్న డబ్బాతో సంబంధం లేదు. పైగా 100వీడబ్ల్యూలో నిలువు స్క్రోల్‌బార్ వెడల్పు కూడా కలిసిపోతుంది కాబట్టి స్క్రోల్‌బార్ జాగా తీసుకునే విండోస్ కంప్యూటర్‌లో కుడి పక్క కొంచెం బయటకు పోతుంది, మ్యాక్‌లో అదే పేజీ బాగానే కనిపించవచ్చు. ఒక్కోచోట ఒక్కోలా వస్తోందని మీరన్నదానికి ఇది ఒక కారణం.

వీబీ 6లో ఈ తలనొప్పి ఎందుకు లేదంటే, అక్కడ ఫారమ్‌కు ఎండీఐ చైల్డ్ (తల్లి విండో లోపలే తెరుచుకునే పిల్ల విండో) అని ఒక్క ప్రాపర్టీ ట్రూ చేస్తే చాలు, పిల్ల విండోను తల్లి విండో లోపలే ఉంచే బాధ్యత విండోస్ తీసుకునేది. పిల్ల విండోను పెద్దది చేస్తే దాని పేరు వెళ్లి తల్లి టైటిల్ బార్‌లో చేరేది, మెనూ ఎక్కడిదక్కడే ఉండేది. బ్రౌజర్‌లో అలా చూసుకునేవాళ్లు లేరు, తల్లి ఎవరో మనమే చెప్పాలి.

చెప్పడం కష్టం కాదు. వర్క్‌స్పేస్ డివ్‌కు (హెచ్‌టీఎంఎల్‌లో డబ్బాను డివ్ అంటారు) పొజిషన్ రిలేటివ్ ఇవ్వండి. విండో డివ్ నిజంగానే ఆ డివ్ లోపల ఉండాలి, బాడీ చివర కాదు. విండోకు పొజిషన్ అబ్సల్యూట్ ఇచ్చి, మాగ్జిమైజ్ అయినప్పుడు ఇన్‌సెట్ 0 (నాలుగు అంచుల నుంచీ దూరం సున్నా), వెడల్పు ఆటో, ఎత్తు ఆటో. అంతే, విండో తనకు దగ్గర్లో పొజిషన్ ఉన్న తల్లి డబ్బా నాలుగు అంచులకూ అంటుకుంటుంది. తల్లి పెరిగితే పెరుగుతుంది, ఎడమ ప్యానెల్ మూసేస్తే ఆ జాగాలోకీ విస్తరిస్తుంది, దీనికోసం జావాస్క్రిప్ట్‌లో ఒక్క లెక్క కూడా రాయనక్కర్లేదు. వెడల్పు 100 శాతం పెట్టొచ్చు కదా అంటారేమో, బాక్స్ సైజింగ్ బోర్డర్ బాక్స్ లేకపోతే బోర్డర్, ప్యాడింగ్ అదనంగా చేరి విండో తల్లి అంచు దాటుతుంది, ఇన్‌సెట్‌తో ఆ బెడద లేదు.

ఇప్పుడు నేను ఎక్కువగా చూసే చిక్కులు చెప్తాను, మీకూ ఇవి ఎదురవుతాయి. వర్క్‌స్పేస్‌లో ఉన్న విండోలన్నీ అబ్సల్యూట్ అయితే వాటి వల్ల తల్లికి ఎత్తు రాదు, వర్క్‌స్పేస్ సున్నా ఎత్తుకు ముడుచుకుపోతుంది, మాగ్జిమైజ్ నొక్కితే విండో మాయమైనట్టు ఉంటుంది. పేజీ మొత్తాన్ని నిలువు ఫ్లెక్స్‌గానో గ్రిడ్‌గానో పెట్టి వర్క్‌స్పేస్‌కు మిగిలిన ఎత్తంతా ఇవ్వండి, దాంతోపాటు మిన్ హైట్ 0 కూడా. ఆ మిన్ హైట్ మర్చిపోతే లోపల పొడుగాటి పట్టిక వచ్చినరోజు వర్క్‌స్పేస్ దాన్నిబట్టి సాగిపోయి స్క్రీన్ కిందికి దిగిపోతుంది.

స్క్రోల్ సంగతి ఇంకా ముఖ్యం. వర్క్‌స్పేస్‌కే ఓవర్‌ఫ్లో ఆటో పెట్టి ఉంటే, లోపలి సరుకు కిందికి జరిపినప్పుడు మాగ్జిమైజ్ అయిన విండో కూడా దానితో పాటు పైకి వెళ్లిపోతుంది. అబ్సల్యూట్‌గా ఉన్నది స్క్రోల్ అయ్యే సరుకుతోనే కదులుతుంది మరి. అందుకని రెండు పొరలు చేయండి. బయట డబ్బా పొజిషన్ రిలేటివ్‌తో, స్క్రోల్ లేకుండా. దాని లోపల స్క్రోల్ అయ్యే డివ్ ఒకటి, దాని పక్కనే, దాని లోపల కాదు, విండోలు. ఇలా చేస్తే వెనక స్క్రోల్ అయ్యే డివ్‌లోని సరుకు ఎంత జరిగినా విండో కదలదు.

ఆ బయట డబ్బాకు చాలామంది ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతారు. నా మాట విని ఓవర్‌ఫ్లో క్లిప్ పెట్టండి. హిడెన్ అంటే స్క్రోల్‌బార్ కనబడదు అంతే, లోపల స్క్రోల్ జరగదని కాదు. ఒక విండో సగం అంచు అవతల ఉందనుకోండి, గుమాస్తా ట్యాబ్ కీ నొక్కుతూ పోతే కర్సర్ ఆ దాగి ఉన్న గడిలోకి వెళ్తుంది, దాన్ని చూపించడానికి బ్రౌజర్ వర్క్‌స్పేస్ మొత్తాన్ని పక్కకు జరిపేస్తుంది, స్క్రోల్‌బార్ లేదు కాబట్టి వెనక్కి తెచ్చే దారి ఉండదు. మౌస్ ముట్టకుండా కీబోర్డ్ మీదే బిల్లు కొట్టేవాళ్లకు ఇది రోజూ వచ్చే ఇబ్బంది, మౌస్‌తో టెస్ట్ చేసే డెవలపర్‌కు మాత్రం కనబడదు. క్లిప్‌లో ఏ రకంగానూ స్క్రోల్ జరగదు. సఫారీలో ఇది 16వ వెర్షన్ నుంచి ఉంది, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అంతకుముందే వచ్చింది.

మళ్లీ చిన్నది చేసే పద్ధతి. పాత లెఫ్ట్, టాప్, వెడల్పు, ఎత్తు వేరియబుల్స్‌లో దాచుకుని తిరిగి రాసే కోడ్ మీ దగ్గర ఉంటే తీసేయండి. మామూలు కొలతలు విండో స్టైల్‌లో ఎలా ఉన్నాయో అలాగే వదిలేసి, మాగ్జిమైజ్‌కు ఒక క్లాస్ మాత్రం తగిలించండి, ఆ క్లాస్‌లోని విలువలకు ఇంపార్టెంట్ ఇవ్వండి. క్లాస్ తీసేయగానే పాత కొలతలు వాటంతటవే వస్తాయి. ఇంపార్టెంట్ వాడొద్దని క్లాసుల్లో చెప్తారు, ఇక్కడ మాత్రం అది వాడాల్సిన చోటే. మీ డ్రాగ్ లైబ్రరీ విండోను ట్రాన్స్‌ఫామ్‌తో జరిపే రకం అయితే అదే క్లాస్‌లో ట్రాన్స్‌ఫామ్ నన్ కూడా చేర్చండి, లేదంటే ముందు లాగినంత దూరం మాగ్జిమైజ్ అయ్యాక కూడా పక్కకు జరిగే ఉంటుంది. మ్యాక్స్ విడ్త్ ఏదైనా పెట్టి ఉంటే అదీ తీసేయాలి. పెద్దగా ఉన్నంతసేపు డ్రాగ్, రీసైజ్ ఆపేయండి.

తిరిగి చిన్నదైనప్పుడు ఒక్కటి మాత్రం జావాస్క్రిప్ట్‌తో చూసుకోవాలి. మానిటర్ మార్చారో, బ్రౌజర్‌ను చిన్నది చేశారో, అప్పుడు పాత లెఫ్ట్ విలువ కొత్త వర్క్‌స్పేస్ బయట పడొచ్చు. తల్లి క్లయింట్ విడ్త్ లోంచి విండో ఆఫ్‌సెట్ విడ్త్ తీసేస్తే లెఫ్ట్ ఎంతవరకు పోవచ్చో వస్తుంది, దానికి మించకుండా, సున్నా కన్నా తగ్గకుండా సరిచేయండి, నిలువుకూ అలాగే. విండోయే తల్లి కన్నా పెద్దదైతే సున్నా దగ్గర ఆపండి, టైటిల్ బార్ చేతికి అందేలా. ఈ పని రీసైజ్ ఈవెంట్ మీద కాకుండా వర్క్‌స్పేస్ మీద రీసైజ్ అబ్జర్వర్ (ఆ డబ్బా సైజు మారితే చెప్పేది) పెట్టి చేయండి, ఎందుకంటే ఎడమ ప్యానెల్ తెరిచినప్పుడు బ్రౌజర్ సైజు మారదు, వర్క్‌స్పేస్ సైజే మారుతుంది.

జెడ్ ఇండెక్స్‌ను (ఏది పైన కనబడాలో చెప్పే అంకెను) 9999 దాకా పెంచుకుంటూ పోయే అలవాటు కూడా మానాలి. వర్క్‌స్పేస్‌కు ఐసొలేషన్ ఐసొలేట్ పెడితే లోపలి విండోల పోటీ లోపలే ఉంటుంది, మెనూకు జెడ్ ఇండెక్స్ 1 చాలు. తేదీ ఎంచుకునే క్యాలెండర్, డ్రాప్‌డౌన్ లాంటివి అంచు దగ్గర తెగిపోతే వాటిని మాత్రం పాప్‌ఓవర్‌గా (అన్నింటికన్నా పైన చూపించే బ్రౌజర్ సదుపాయం) బయటకు పంపండి, 2024 నాటికి క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ అది వచ్చేసింది.

ఇక ఆ పోతున్న బిల్లు. లేఅవుట్ సరయ్యాక కూడా ఎవరో ఒకరు ట్యాబ్ మూస్తారు. మిర్చి సీజన్‌లో కాంటా అయి రైతు దుకాణం ముందు నిలబడి ఉన్నప్పుడు తక్‌పట్టీ మళ్లీ మొదటి నుంచి కొట్టమనడం అన్యాయం. టైప్ చేసిన ప్రతి గడినీ లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లోనే దాచుకునే చోటు) డ్రాఫ్ట్‌గా రాసి పెట్టండి, మళ్లీ తెరవగానే చూపించండి. మాగ్జిమైజ్ పని కన్నా ముందు ఇది చేయమంటాను.

ప్రశ్న: హనుమకొండ నుంచి. రియాక్ట్‌లో మెటీరియల్ యూఐ డైలాగ్ వాడుతున్నాను. వర్క్‌స్పేస్ కాంపోనెంట్ లోపలే రాశాను, అయినా ఫుల్ స్క్రీన్ పెడితే పేజీ అంతా కప్పేస్తోంది. పొజిషన్ రిలేటివ్ కూడా పెట్టాను.

జవాబు: మీరు రాసింది లోపలే, కానీ అది గీయబడేది లోపల కాదు. ఆ డైలాగ్ పోర్టల్ ద్వారా నేరుగా బాడీ చివరికి వెళ్తుంది. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి చూడండి, వర్క్‌స్పేస్ కింద అది కనబడదు. కంటైనర్ అనే ప్రాప్‌కు (కాంపోనెంట్‌కు ఇచ్చే సెట్టింగ్) వర్క్‌స్పేస్ ఎలిమెంట్ ఇస్తే లోపలికి వస్తుంది. అక్కడితో ఆగితే మళ్లీ అదే కథ, ఎందుకంటే దాని సొంత స్టైల్ ఫిక్స్‌డ్. డైలాగ్ రూట్‌కూ, వెనక నల్లటి తెరకూ పొజిషన్ అబ్సల్యూట్ ఇవ్వాలి. డిజేబుల్ స్క్రోల్ లాక్ కూడా పెట్టండి, మిగతా పేజీ పని చేయాల్సి ఉంది కదా.

కొందరు వర్క్‌స్పేస్‌కు ఏదో ఒక ట్రాన్స్‌ఫామ్ ఇచ్చి వదిలేస్తారు. అది పని చేస్తుంది, నిజమే. ట్రాన్స్‌ఫామ్, ఫిల్టర్, పర్‌స్పెక్టివ్, కంటెయిన్ లేఅవుట్ లాంటివి ఉన్న డబ్బా లోపల ఫిక్స్‌డ్ ఎలిమెంట్ ఆ డబ్బానే కొలతగా తీసుకుంటుంది. నాకు ఈ దారి ఇష్టం లేదు. ఆ లైను ఎందుకుందో తెలియని ఇంకో డెవలపర్ దాన్ని తీసేస్తే అంతా మొదటికొస్తుంది. తప్పదనుకుంటే కంటెయిన్ లేఅవుట్ వాడండి, కనీసం చదివినవాళ్లకు ఉద్దేశం అర్థమవుతుంది, పైన ఒక కామెంట్ రాయండి.

హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న డైలాగ్ ట్యాగ్ గురించి కూడా చెప్పాలి, చాలామంది అటు మారుతున్నారు. షో మోడల్ అని పిలిస్తే అది బ్రౌజర్ టాప్ లేయర్‌లోకి (పేజీలో అన్నింటికన్నా పై పొర) పోతుంది, అక్కడ ఏ తల్లి డబ్బా మాటా చెల్లదు, ట్రాన్స్‌ఫామ్ కిటుకు కూడా. వర్క్‌స్పేస్ లోపల ఉంచాలంటే షో అని మాత్రమే పిలిచి, మార్జిన్ 0, ఇన్‌సెట్ 0, వెడల్పు ఎత్తు ఆటో ఇవ్వండి. వెనక విండోలు ఆ సమయంలో పని చేయకూడదంటే వాటికి ఇనర్ట్ పెట్టండి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి ఇంజినీరింగ్ విద్యార్థిని. మా ప్రాజెక్టులో జేక్వెరీ యూఐ డైలాగ్‌ను ఒక డివ్ లోపలే ఉంచాలి, లాగితే కూడా బయటకు పోకూడదు.

జవాబు: అపెండ్ టు అనే ఆప్షన్‌కు మీ డివ్ ఇవ్వండి, అది 1.10 వెర్షన్ నుంచి ఉంది. లాగడానికి హద్దు మాత్రం అది మార్చదు, డైలాగ్ లోపల ఆ హద్దు డాక్యుమెంట్ అనే రాసి ఉంటుంది. డైలాగ్ విడ్జెట్‌ను పట్టుకుని దాని డ్రాగబుల్‌లో కంటెయిన్‌మెంట్‌ను మీ డివ్‌గా మార్చండి. పొజిషన్ ఆప్షన్‌లో ఆఫ్ అన్నచోట కూడా అదే డివ్. మాగ్జిమైజ్ బటన్ అందులో రాదు, పైన చెప్పిన క్లాస్ పద్ధతితో మీరే పెట్టుకోండి.

ప్రశ్న: జగిత్యాల నుంచి. కౌంటర్ దగ్గర ఆండ్రాయిడ్ ట్యాబ్ వాడతాం. విండో పెద్దది చేస్తే కింద ఉన్న సేవ్ బటన్ కనబడదు. కీబోర్డ్ వస్తే ఇంకా ఘోరం.

జవాబు: మొబైల్ క్రోమ్‌లో 100వీహెచ్ అంటే అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తు. బార్ కనబడుతున్నప్పుడు ఆ మేరకు కింది భాగం తెర బయట ఉంటుంది. పేజీ బయటి డబ్బాకు మాత్రం 100డీవీహెచ్ (బార్ ఉన్నా లేకున్నా అప్పటికి కనబడే ఎత్తు) పెట్టమనండి, లోపలి విండోలకు ఏ వీహెచ్ వద్దు, అవి తల్లిని చూసి సర్దుకుంటాయి. ఈ కొలత 2022 చివరికల్లా క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ అన్నింటిలో వచ్చింది కాబట్టి భయం అక్కర్లేదు, ట్యాబ్‌లో క్రోమ్ మరీ పాతదైతే అప్‌డేట్ చేసుకోండి. కీబోర్డ్ సంగతి వేరే, క్రోమ్ 108 నుంచి కీబోర్డ్ తెరిచినా పేజీ ఎత్తు తగ్గదు, కీబోర్డ్ పేజీ మీద కూర్చుంటుంది. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో ఇంటరాక్టివ్ విడ్జెట్ అనేదానికి రీసైజెస్ కంటెంట్ అని ఇస్తే కీబోర్డ్ వచ్చినప్పుడు వర్క్‌స్పేస్ కుదించుకుని సేవ్ బటన్ పైకి వస్తుంది. ఐప్యాడ్ కూడా వాడేటట్టయితే దీన్ని నమ్ముకోకుండా సేవ్ బటన్‌ను విండో టైటిల్ బార్‌లోకి మార్చమని మీ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు చెప్పండి.